ఫ్యాన్ నెమ్మదించిందా? వైండింగ్ కంటే ముందు కండెన్సర్ చూడండి

ఎండలు ముదిరాయి కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సీలింగ్ ఫ్యాన్ల మీదే. కొందరు కెపాసిటర్ అని రాశారు, కొందరు కండెన్సర్ అని రాశారు. రెండూ ఒకటే, ఫ్యాన్ మోటారుకి తగిలించే చిన్న డబ్బా. షాపులో కండెన్సర్ అంటేనే చటుక్కున తీసిస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

ప్రశ్న: మా హాల్లో ఫ్యాన్ కొని ఏడేళ్లయింది. ఏడాదిగా కొంచెం కొంచెంగా స్పీడు తగ్గుతూ వచ్చి ఇప్పుడు 5 మీద పెట్టినా కింద కూర్చున్నవాళ్లకి గాలి తగలడం లేదు. కాలిన వాసన గానీ చప్పుడు గానీ ఏమీ లేవు. మెకానిక్ వచ్చి చూసి వైండింగ్ పోయింది, చుట్టించాలి అంటున్నాడు. నిజమేనా? (ఒంగోలు నుంచి ఒక గృహిణి)

జవాబు: ఇంకా డబ్బులివ్వలేదు కదా, ఆగండమ్మా. వైండింగ్ అంటే మోటారు లోపల చుట్టిన తీగ, అది పోతే మామూలుగా కాలిన వాసన వస్తుంది, మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, లేదంటే ఫ్యాన్ అసలు కదలదు. ఏడాది పాటు మెల్లమెల్లగా నీరసపడుతూ రావడం వైండింగ్ పద్ధతి కాదు, అది అచ్చంగా కండెన్సర్ పద్ధతి.

అయినా నా మాట నమ్మి వెంటనే కొనేయకండి, ముందు రెండు చిన్న పనులు చేయండి. మిగతా గదుల్లో ఫ్యాన్లు ఎలా తిరుగుతున్నాయో చూడండి. అన్నీ నీరసంగానే ఉంటే అది లో వోల్టేజి, సాయంత్రం పూట ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, దానికి ఫ్యాన్ విప్పి లాభం లేదు. ఇదొక్కటే నెమ్మదిగా ఉంటే స్విచ్ ఆపేసి, రెక్కని చీపురు కర్రతో ఒక తోపు తోసి వదిలేయండి. మంచి బేరింగ్ అయితే చప్పుడు లేకుండా చాలా చుట్లు తిరిగి ఎప్పటికో ఆగుతుంది. గరగరమంటూ రెండు చుట్లకే ఆగిపోయిందంటే బేరింగులు ఎండిపోయాయి. చప్పుడు లేదని మీరే రాశారు కాబట్టి మీది అది కాదనుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. ఈ చిన్న డబ్బాకి ఫ్యాన్ స్పీడుతో ఏం పని అని చాలామంది అడుగుతారు. మీ ఇంట్లో పాత తిరగలి ఉంటే దాని ముందు కూర్చుని పిడి పట్టుకుని నడుమ మేకు వైపు తిన్నగా నెట్టండి, తిన్నగా లాగండి. అలా ఎంత బలంగా నెట్టినా లాగినా రాయి అక్కడక్కడే అదురుతుంది తప్ప తిరగదు. తిరగాలంటే పక్కకి కూడా ఒక తోపు కావాలి, అదీ సరైన సమయంలో. ఎదురుగా ఇంకొకరు కూర్చుని మీరు నెట్టడం అయ్యీ అవ్వకముందే వాళ్లు పక్కకి తోస్తే అప్పుడు రాయి సాఫీగా తిరుగుతుంది. మన ఇంటికి వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు మొదటి మనిషి లాంటిది, సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అంతే. అందుకే ఫ్యాన్ లోపల రెండు రకాల కాయిల్స్ చుడతారు, ఒకటి రన్నింగ్, ఇంకోటి స్టార్టింగ్. స్టార్టింగ్ కాయిల్‌కి వెళ్లే దారిలో కండెన్సర్ పెడతారు. అది ఆ దారిలో వెళ్లే కరెంటును కాస్త ముందుకు జరుపుతుంది. రెండు కాయిల్స్‌లో కరెంట్లు ఒకేసారి ఊగకుండా ఒకదాని తర్వాత ఒకటి ఊగుతాయి కాబట్టి మోటారు చుట్టూ అయస్కాంతం తిరుగుతున్నట్టు అవుతుంది, దాని వెంట రెక్కలు తిరుగుతాయి.

స్టార్టింగ్ కాయిల్ అని పేరున్నా ఫ్యాన్ తిరిగినంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే కండెన్సర్ బలం తగ్గితే ఫ్యాన్ మొదలవడం కష్టమవడమే కాదు, తిరిగే స్పీడు కూడా తగ్గుతుంది. రెండో మనిషి చేతికి నొప్పి వస్తే తిరగలి ఎలా భారంగా నడుస్తుందో అలాగ. మన దగ్గర 48 అంగుళాల ఫ్యాన్లలో ఎక్కువగా ఉండేది 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ (మైక్రోఫారడ్ అంటే కండెన్సర్ బలానికి కొలత). మీ ఫ్యాన్‌లో అది ఇప్పుడు 1.5 దగ్గరో ఇంకా కిందో ఉండొచ్చు. వంద రూపాయల లోపు వస్తువు. ముందు అది మార్పించండి, ఆ తర్వాతే వైండింగ్ మాట.

ఎంత తగ్గిందో మార్చకముందే తెలుసుకోవాలనుంటే మీ ఫోన్ చాలు. ఒక రెక్క కింద తెల్ల కాగితం ముక్క అంటించి, ఫ్యాన్‌ని 5 మీద పెట్టి, స్లో మోషన్‌లో వీడియో తీయండి. చాలా ఫోన్లలో 240 ఫ్రేముల స్లో మోషన్ 8 రెట్లు నెమ్మదిగా చూపిస్తుంది. ఆ వీడియో చూస్తూ కాగితం పది చుట్లు తిరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, 4800ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చేదే నిమిషానికి చుట్లు. ఈ సైజు ఫ్యాన్ల మీద సాధారణంగా 350 నుంచి 380 దాకా రాసి ఉంటుంది, అంటే 13 సెకన్లు అటూ ఇటూ. మీకు 20 సెకన్లు పట్టిందంటే 240 చుట్లే తిరుగుతోందన్నమాట. కండెన్సర్ మార్చాక మళ్లీ తీసి చూడండి, మెకానిక్‌కి కూడా చూపించండి.

ప్రశ్న: నేను డిప్లొమా చదువుతున్నాను. మల్టీమీటర్ ఉంది. ఫ్యాన్ కండెన్సర్ బాగుందో లేదో సరిగ్గా ఎలా చెక్ చేయాలి అన్నా? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు, ఒకాయన అయితే ప్లగ్గులో గుచ్చి తీసి రెండు వైర్లు తాకించి స్పార్క్ వస్తే మంచిది అంటున్నాడు. (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఆ ప్లగ్గు విద్య మర్చిపో తమ్ముడూ. స్పార్క్ వచ్చిందంటే అందులో ఎంతో కొంత కరెంటు నిలిచింది అని మాత్రమే అర్థం. 2.5 ఉండాల్సింది 1.4కి పడిపోయిన కండెన్సర్ కూడా టప్‌మని అంతే బాగా స్పార్క్ ఇస్తుంది. పైగా అది షార్ట్ అయి ఉంటే నీ చేతి దగ్గరే పేలుతుంది.

సరైన పద్ధతి చెబుతాను. ముందు ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే ట్రిప్ స్విచ్) దించు. గోడ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, ఎందుకంటే పాత ఇళ్లలో స్విచ్‌ని ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద వేసినవాళ్లు ఉన్నారు, అక్కడ స్విచ్ ఆపినా ఫ్యాన్ దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది. టెస్టర్‌తో చూసుకుని అప్పుడు స్టూలు ఎక్కు. ఫ్యాన్ పై కప్పు కిందికి దించితే రాడ్ పక్కన నల్లటిదో తెల్లటిదో చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాన్నుంచి రెండు వైర్లు కనిపిస్తాయి. కొన్ని ఫ్యాన్లలో మోటారుకి ఆనుకుని ఉండే కింది కప్పులో ఉంటుంది. దాని మీద 2.5 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం, 440 వోల్టులు, 50 హెర్ట్‌జ్ అని అచ్చేసి ఉంటుంది. డబ్బా ఉబ్బినా, పగిలినా, అడుగున మైనంలాంటిది కారినా మీటర్ అక్కర్లేదు, అది పోయింది.

తీసే ముందు దాన్ని ఖాళీ చేయాలి. నిజానికి ఫ్యాన్‌కి కలిపి ఉన్నంతసేపు అది వైండింగ్ గుండా తనంతట తానే ఖాళీ అయిపోతుంది. కానీ లోపల ఎక్కడైనా తీగ తెగి ఉంటే ఖాళీ అయ్యే దారి ఉండదు, అది నీకు పైనుంచి తెలియదు. అందులో ఉండే శక్తి మనిషిని చంపేంత కాదు గానీ స్టూలు మీంచి కింద పడేయడానికి సరిపోతుంది. నా మొదటి ఏడాది అనుభవం ఇదే, షాకు కంటే కింద ఉన్న కుట్టుమిషన్ మూల తగిలిందే ఎక్కువ నొప్పి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి తాకించేవాళ్లు చాలామంది ఉన్నారు, పని అవుతుంది గానీ పద్ధతి కాదు. పాత ఫిలమెంట్ బల్బు ఒకటి హోల్డర్‌తో సహా దాచుకో, దాని రెండు వైర్లు కండెన్సర్ రెండు వైర్లకి క్షణం తాకిస్తే చాలు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

తర్వాత కండెన్సర్ వైర్లు కనెక్టర్ నుంచి విడదీయి. కనీసం ఒక వైరయినా విడదీయకుండా కొలిస్తే వైండింగ్ కూడా మీటర్‌లో కలిసిపోయి తప్పు అంకె వస్తుంది, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మీటర్‌ని కెపాసిటెన్స్ మీద, రేంజి మార్చుకునే మీటరైతే 20 మైక్రోఫారడ్ మీద పెట్టు. వీటికి ప్లస్సూ మైనస్సూ లేవు, ఏ వైరు ఎటు పట్టుకున్నా ఫర్వాలేదు. వేళ్లతో నొక్కి పట్టుకోకుండా క్లిప్పులు వాడు. 2.5 మీద 5 శాతం అంటే 2.38 నుంచి 2.62 దాకా వస్తే నూటికి నూరుపాళ్లు మంచిది. 2.2 దాకా దిగితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ నేనయితే మార్చేస్తాను. 2 లోపు వస్తే ఇక ఆలోచించేది లేదు.

మీటర్‌లో కెపాసిటెన్స్ లేకపోతే ఓమ్స్ మీద, పెద్ద రేంజిలో పెట్టి చూడొచ్చు. అంకె చకచకా పెరుగుతూ పోయి చివరికి ఓవర్ లోడ్ గుర్తు చూపిస్తే కండెన్సర్ చార్జి అవుతోందని అర్థం. సున్నా దగ్గరే ఆగిపోతే షార్ట్. మొదటి నుంచీ ఏమీ కదలకపోతే లోపల తెగిపోయింది. ముల్లు ఉండే పాత మీటర్లలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది, ముల్లు ఎగిరి మెల్లగా వెనక్కి వస్తుంది. కానీ బతికుందా చచ్చిందా అన్నంత వరకే ఇది చెబుతుంది, నీరసపడిందా అన్నది చెప్పదు. షాపుల్లో సిరీస్ బల్బుతో చేసే పరీక్షా అంతే. కండెన్సర్ మంచిదైతే బల్బు మసకగా, షార్ట్ అయితే పూర్తిగా వెలుగుతుంది, తెగిపోతే వెలగదు. సగం బలం పోయినదానికీ మంచిదానికీ తేడా కంటికి పట్టడం కష్టం. అదీగాక అందులో 230 వోల్టులు బయటికి ఉంటాయి, హాస్టల్ గదిలో చేసే పని కాదది.

డిప్లొమా అన్నావు కాబట్టి ఇంకొకటి. క్లాంప్ మీటర్ ఉంటే ఫ్యాన్ తిరుగుతుండగానే కొలవచ్చు. కండెన్సర్ వైరు ఒక్కదాని చుట్టూ క్లాంప్ వేసి వచ్చిన ఆంపియర్లని 3183తో గుణించి, కండెన్సర్ రెండు కొసల మధ్య ఉన్న వోల్టేజితో భాగిస్తే మైక్రోఫారడ్లు వస్తాయి. ఈ 3183 ఎక్కడినుంచి వచ్చిందో నువ్వే రాబట్టుకో, 50 హెర్ట్‌జ్ నుంచే. ఇక్కడ సప్లై వోల్టేజి వేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కాయిల్‌తో కలిసి పనిచేసేటప్పుడు కండెన్సర్ మీద సప్లై కంటే ఎక్కువ వోల్టేజి పడుతుంది. 230 వోల్టుల ఫ్యాన్‌కి 440 వోల్టుల కండెన్సర్ ఎందుకు పెడతారన్న ప్రశ్నకి జవాబు కూడా అదే. లైనులో కరెంటు ఉండగా చేయాల్సిన పని కాబట్టి ఇది లెక్చరర్ పక్కన ఉన్నప్పుడు ల్యాబ్‌లోనే చెయ్యి.

ప్రశ్న: ఫ్యాన్ స్పీడు చాలడం లేదని 2.5 తీసేసి 4 మైక్రోఫారడ్ కండెన్సర్ వేయించాను. మొదట్లో కాస్త జోరుగా ఉన్నట్టు అనిపించింది. ఇప్పుడు గంట తిరిగితే మోటారు పెనంలా కాలుతోంది, గుయ్యిమని శబ్దం. ఏం చేయాలి? (నిజామాబాద్ నుంచి ఒక చిరు వ్యాపారి)

జవాబు: ఈ జవాబు చదవడం అయిపోగానే వెళ్లి ఆ 4 తీసేయండి. నిజంగా చెబుతున్నా.

స్టార్టింగ్ కాయిల్ తీగ ఎంత లావు ఉండాలి, ఎన్ని చుట్లు ఉండాలి అన్నది కంపెనీవాళ్లు 2.5 గుండా వచ్చే కరెంటుకి లెక్కేసి చుట్టారు. మీరు 4 వేస్తే ఆ సన్న తీగలోకి లెక్కకు మించిన కరెంటు వెళుతుంది. వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు రెండింతలయితే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడికి తీగ మీద వార్నిష్ మాడి పక్క పక్క చుట్లు అతుక్కుంటాయి, అప్పుడు వైండింగ్ నిజంగానే పోతుంది. ఇంత చేసినా స్పీడు ఏమైనా బాగా పెరుగుతుందా అంటే అదీ లేదు. 50 హెర్ట్‌జ్ మీద ఈ మోటారుకి ఒక గరిష్ఠ హద్దు ఉంది. 14 పోల్స్ (కాయిల్స్ తయారుచేసే అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఫ్యాన్ ఎన్ని కండెన్సర్లు మార్చినా నిమిషానికి 428 చుట్లు దాటలేదు, రెక్కల మీద గాలి బరువు వల్ల అక్కడిదాకా కూడా పోదు. 360 తిరిగేదాన్ని ఇంకో పది పదిహేను చుట్లు తిప్పడం కోసం మోటారు కాల్చుకోవడమెందుకు?

పాత 2.5 బహుశా 1.7కో 1.8కో పడిపోయి ఉంటుంది, దాని స్థానంలో కొత్త 2.5 వేసుంటే సరిపోయేది. 2.5 దొరక్కపోతే 2.25 వేసుకోండి, ఫ్యాన్ కొంచెం తగ్గి తిరుగుతుంది తప్ప నష్టం లేదు. 3.15 మాత్రం వద్దు, అది అచ్చేసి ఉన్న ఫ్యాన్లకే. అలాగే కొత్తది కొన్నప్పుడు షాపులోనే మీటర్ పెట్టి చూపించమనండి. పైన 2.5 అని అందంగా అచ్చేసి లోపల 2 కూడా లేని కొత్త కండెన్సర్లు నా చేతిలోనే చాలా పడ్డాయి, తీసుకున్న రోజే అవి సగం ముసలివి.

స్పీడు తగ్గించుకోవడం కోసం చిన్న కండెన్సర్ వేయొచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు, పసిపాప ఉన్న గది కోసమట. వద్దు. స్పీడు తగ్గుతుంది గానీ మొదలయ్యే బలం కూడా తగ్గుతుంది, ఒక రోజు లో వోల్టేజిలో ఫ్యాన్ తిరగక మూలుగుతూ నిలబడిపోతుంది. దానికి రెగ్యులేటర్ ఉంది కదా.

ప్రశ్న: మా ఫ్యాన్ 5లో చక్కగా తిరుగుతుంది. 3 మీద పెడితే మామూలే. 1 మీద, 2 మీద పెడితే ఒకటి అసలు తిరగదు, ఇంకోటి ఉండీ లేనట్టు. కండెన్సర్ మార్చాము, అయినా అంతే. మా చిన్నప్పటి పెద్ద పెట్టె రెగ్యులేటర్లే నయం అనిపిస్తోంది. (అనకాపల్లి నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులు)

జవాబు: మాస్టారూ, మీరు మార్చింది సరైనదే గానీ తప్పు చోట మార్చారు. మెట్టు మెట్టుగా టక్ టక్‌మని తిరిగే ఇప్పటి రెగ్యులేటర్ లోపల కూడా కండెన్సర్లే ఉంటాయి, సాధారణంగా రెండు. మామూలు నాలుగు మెట్ల దానిలో ఒకటో నంబరు మీద చిన్న కండెన్సర్ ఒక్కటే, రెండో దాని మీద పెద్దది ఒక్కటే, మూడో దాని మీద రెండూ కలిసి ఫ్యాన్‌కి అడ్డం పడతాయి. చివరి నంబరు మీద అడ్డమేమీ ఉండదు, తిన్నగా వైరే. అయిదు మెట్ల వాటిలో పంపకం కాస్త మారుతుంది గానీ తీరు ఇదే. వీటిలో ఒకటి పోతే దాని నంబర్లు మాత్రమే చెడిపోయి మిగతావి బాగుంటాయి, మీ ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. అందుకే అందరికీ చెబుతుంటాను, 5 మీద కూడా నెమ్మదిగా ఉంటే ఫ్యాన్ కండెన్సర్, 5 బాగుండి కింది నంబర్లు చెడితే రెగ్యులేటర్. దాన్ని విప్పి బాగుచేయడం కంటే కొత్తది వేయించడమే మేలు.

పెద్ద పెట్టె గురించి మాత్రం మీతో ఒప్పుకోలేను. దానిలో ఉండేది రెసిస్టెన్స్ తీగ, ఫ్యాన్‌కి పోవాల్సిన కరెంటుని వేడి చేసి గోడకి ఇస్తుంది. అందుకే చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది, వెనక సున్నం పసుపు తిరిగేది. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నా బిల్లు పెద్దగా తగ్గేది కాదు. కండెన్సర్ అయితే కరెంటుని ఆపుతుంది గానీ అందులో వేడిగా పోయేది దాదాపు ఏమీ ఉండదు. గుండ్రటి బొత్తం మెల్లగా తిప్పుకునే ఎలక్ట్రానిక్ రకం ఇంకొకటి ఉంది, అది కరెంటు అలని ముక్కలు చేసి పంపుతుంది కాబట్టి తక్కువ స్పీడులో ఫ్యాన్ గుయ్యిమంటుంది. నిద్ర తేలికగా పట్టనివాళ్లు పడకగదిలో మెట్ల రకమే పెట్టుకోండి. చవక రకం ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు అరిచేది కూడా ఇందుకే, అల నున్నగా ఉండదు. కరెంటు వచ్చాక అరుపు ఆగిపోతే ఫ్యాన్‌ని ఏమీ చేయకండి.

ప్రశ్న: కండెన్సర్ నేనే మార్చాను. ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు, పైకి పోతోంది! మా ఆవిడ నవ్వుతోంది. (కడప నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నవ్వనివ్వండి, ఈ పొరపాటు ఒకసారైనా చేయని మెకానిక్ లేడు. మన ఫ్యాన్లు కింద నిలబడి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగాలి. మోటారు నుంచి మూడు వైర్లు వస్తాయి. ఒకటి కామన్, అది సప్లై ఒక కొసకి వెళుతుంది. మిగతా రెండూ కండెన్సర్ రెండు వైర్లకి తగులుతాయి. సప్లై రెండో కొస ఆ రెండింటిలో దేనికి ఇస్తే అది రన్నింగ్ అవుతుంది, రెండోది స్టార్టింగ్ అవుతుంది. మీరు దాన్ని అటుది ఇటు ఇచ్చారు, అంతే. ఎంసీబీ దించి ఆ సప్లై వైరుని కండెన్సర్ రెండో కొస వైపుకి మార్చండి. కండెన్సర్ వైర్లనే అటూ ఇటూ మార్చితే ఏమీ కాదు.

మూడు వైర్లలో ఏది ఏదో రంగులని నమ్ముకోకండి, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. ఓమ్స్ మీద మీటర్ పెట్టి రెండేసి చొప్పున మూడు జతలూ కొలవండి. ఏ జతలో అన్నిటికంటే ఎక్కువ వస్తుందో ఆ రెండింటికే కండెన్సర్, మిగిలిన ఒంటరి వైరు కామన్. ఎక్కువ వచ్చిన అంకె మిగతా రెండింటి మొత్తానికి సమానంగా ఉంటే వైండింగ్ కూడా తెగలేదని మీకు ఉచితంగా తెలిసిపోతుంది. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే ఈ తిప్పలేవీ ఉండవు.

ఇందులోనే ఇంకో తమాషా. కండెన్సర్ పూర్తిగా పోయిన ఫ్యాన్‌కి స్విచ్ వేస్తే మూలుగుతూ నిలబడుతుంది. కర్రతో ఎటు తోస్తే అటు తిరగడం మొదలుపెడుతుంది. రెండు వైపులా అలా లొంగిందంటే లోపం కండెన్సర్‌దే లేదా స్టార్టింగ్ కాయిల్‌ది, బేరింగ్‌ది కాదు. అయితే రోజూ కర్రతో తోసుకుంటూ నెట్టుకురాకండి, మూలుగుతూ నిలబడ్డ మోటారు త్వరగా వేడెక్కుతుంది.

ప్రశ్న: మా సింగిల్ ఫేజ్ బోరు మోటారు డబ్బాలో రెండు కండెన్సర్లు ఉన్నాయి. మోటారు గుయ్యిమని ట్రిప్ అవుతోంది. ఏది పోయినట్టు? (పలమనేరు దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: నల్లగా లావుగా, మీద 120-150 లాంటి అంకె ఉన్నది స్టార్ట్ కండెన్సర్. స్టార్ట్ అయ్యేటప్పుడు కొద్ది క్షణాలే పనిచేసి తప్పుకుంటుంది. 36 లేదా 50 లాంటి ఒకే అంకె ఉన్నది రన్ కండెన్సర్, మోటారు తిరిగినంతసేపూ ఉంటుంది. మొదలవకుండానే గుయ్యిమంటే సాధారణంగా మొదటిది. మొదలై నీళ్లు తక్కువ పోస్తూ ఆంపియర్లు ఎక్కువ తీసుకుంటూ కాసేపటికి ట్రిప్ అయితే రెండోది. మీటర్‌లో 20 రేంజి చాలదు, 200 ఉండాలి. 50 మైక్రోఫారడ్ దానిలో ఫ్యాన్ కండెన్సర్ కంటే 20 రెట్లు కరెంటు నిల్వ ఉంటుందన్నా, బల్బు తాకించి ఖాళీ చేయకుండా వేలు పెట్టొద్దు. లో వోల్టేజి ఉన్నా ఇదే లక్షణం వస్తుంది కాబట్టి ముందు డబ్బా మీద వోల్ట్ మీటర్ చూడండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ ఫ్యాన్ గొలుసు లాగితే హై ఒక్కటే పనిచేస్తోంది, మీడియం, లో రావడం లేదు. ఈసారి వచ్చేటప్పుడు ఇండియా నుంచి ఫ్యాన్ గానీ, కనీసం కండెన్సర్ గానీ తెచ్చుకుంటే? (ఒక ఐటీ ఉద్యోగి)

జవాబు: ఫ్యాన్ మోసుకెళ్లకండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్, మన 230 వోల్టుల ఫ్యాన్ దాని మీద ముసలి ఎద్దులా నడుస్తుంది. కండెన్సర్ కూడా మనది సరిపోదు. గొలుసు ఉన్న అమెరికా ఫ్యాన్లలో ఒకే నల్ల డబ్బాలో రెండు మూడు కండెన్సర్లు కలిపి ఉంటాయి, మన రెగ్యులేటర్ చేసే పని గొలుసు స్విచ్, ఆ డబ్బా కలిసి చేస్తాయి. మీరు చెప్పినట్టు హై ఒక్కటే మిగలడం ఆ డబ్బా పోయిందనడానికి బలమైన గుర్తు, గొలుసు స్విచ్ కూడా ఒకసారి చూసుకోండి. డబ్బా మీద ప్రతి రంగు వైరుకీ ఎదురుగా అంకె రాసి ఉంటుంది, ఆ అంకెలు, వైర్ల లెక్క రెండూ సరిపోయేదే అక్కడే కొనండి. ఇంకొక్కటి, గోడకి ఉండే లైట్ డిమ్మర్‌తో ఫ్యాన్ స్పీడు తగ్గించే ప్రయత్నం చేయకండి, మోటారు వేడెక్కుతుంది. అక్కడి కండెన్సర్లు చాలావరకు 250 వోల్టులవి, మిగిలినవి ఇండియాకి పట్టుకొచ్చి అమ్మగారి ఫ్యాన్‌కి వేయకండి, నిలవవు.

ప్రశ్న: రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ కొన్నాం. స్పీడు తగ్గితే దానికీ 2.5 కండెన్సరేనా? (కరీంనగర్ నుంచి)

జవాబు: కాదు. దాని మోటారే వేరు, రోటర్‌లో, అంటే తిరిగే భాగంలో, అయస్కాంతాలు ఉంటాయి, స్టార్టింగ్ కాయిల్ అనేది ఉండదు, స్పీడుని ఒక ఎలక్ట్రానిక్ బోర్డు నడిపిస్తుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 చుట్టుపక్కల తీసుకునేది అందుకే. 2023 జనవరి 1 నుంచి ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కదా, ఎక్కువ స్టార్లు ఉన్నవి చాలావరకు ఈ రకమే. ఆ బోర్డు మీద కూడా చిన్న కండెన్సర్లు ఉంటాయి గానీ అవి స్టూలెక్కి మార్చేవి కాదు. స్పీడు తేడా వస్తే ముందు రిమోట్ బ్యాటరీ మార్చి చూడండి, తర్వాత వారంటీ కార్డు వెతకండి. పాత రెగ్యులేటర్‌ని దీని లైనులో అలాగే వదిలేసి ఉంటే మాత్రం ఇవాళే తీయించి మామూలు స్విచ్ వేయించండి, బోర్డు పోవడానికి నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు కారణం అదే.